గానుగ లంగరు

సతీష్‌బాబు లారీ మీద పడవ తెచ్చిన రోజు రామకోటేశ్వరరావు గేదెలకు తవుడు కలుపుతున్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో జనమంతా గోదావరి డ్యాం వెనక నీళ్ల ఒడ్డుకు ఉరికారు. ఆయన మాత్రం తొట్టిలోంచి చేతులు తియ్యలేదు. పడవ చూడ్డానికి వెళ్తే తెచ్చినవాడి ముఖం కూడా చూడాలి. ఆ ముఖం చూడ్డం మానేసి రెండేళ్లు దాటింది. ఇంకో రెండు జన్మలు చూడకపోయినా నష్టం లేదనుకున్నాడు.

లింబయ్య రొప్పుతూ వచ్చాడు.

"రావుసాబ్, జర సూద్దురు రార్రి. తెల్లగ, రెండంతస్తులు. మీద సోఫాలు గూడ ఉన్నయ్. గోవాకెల్లి తెచ్చిండంట మీ బామ్మర్ది."

"నాకు బామ్మర్దులెవరూ లేరు."

"సరే, సతీష్ సేటు తెచ్చిండు. గదాన్ని యాటంటరంట. మాకైతే యాటంటే కోసుకతినేదే."

"యాటో మేకో. నా మోటారు దగ్గరికి రాకూడదని చెప్పు."

"గక్కడ్నే ఉన్నడు గద, మీరే చెప్పరాదుర్రి..."

రామకోటేశ్వరరావు తొట్టిలోంచి చూపు ఎత్తకుండా చేతులు ఆపాడు. లింబయ్య నాలుక్కరుచుకుని వచ్చిన దారినే పోయాడు.

ఇద్దరి మధ్య మాటలు మొయ్యడం లింబయ్యకు కొత్త కాదు. పక్క ఊరివాడు. వెనక నీళ్లలో చేపలు పట్టుకుని, రావుగారి గట్టుకూ సతీష్‌బాబు గట్టుకూ మధ్య వలలు ఆరేసుకుంటాడు. ఈ రెండేళ్లలో గట్టు తగాదా వచ్చినా, కాలువ తూము తగాదా వచ్చినా, బావా బావమరిదీ చెరో పక్క నిలబడి లింబయ్యతోనే మాట్లాడారు. ఒకరి మాట ఒకరికి తేటగా వినపడేంత దూరమే. అయినా లింబయ్య తిరిగి చెప్పేదాకా ఇద్దరూ చెవిటివాళ్లలా నిలబడేవారు. లింబయ్య ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కాదు. కాస్త కారం చల్లి చెప్పేవాడు.

రావుగారి భార్య పున్నమ్మ పోయిన రోజున మొదలైంది ఇది. నిజామాబాదులో ఖలీల్‌వాడి ఆసుపత్రిలో ఆమె పొద్దుటి నుంచి తలుపు వైపే చూస్తూ పడుకుంది. తమ్ముడి ఫంక్షన్ హాలు అక్కడికి దూరం కాదు, ఆటో ఎక్కితే పోసుకున్న టీ చల్లారేలోగా రావచ్చు. ఆ రోజు హాల్లో పెద్ద పెళ్లి. సతీష్‌బాబు రాలేదు. మధ్యాహ్నం వంటవాడి చేత స్టీలు క్యారేజీలో పులావు పంపాడు. దీపాలు పెట్టే వేళకు పున్నమ్మ పోయింది.

"అక్క పోతుంటే పులావు పంపాడు" అని పెద్దకర్మ రోజున పదిమందిలో అన్నాడు రామకోటేశ్వరరావు. ఆ తర్వాత సతీష్‌బాబుతో మాట లేదు. క్యారేజీ మాత్రం తిప్పి పంపలేదు. కడిగి, గొడ్ల పాకలో గుంజకు మేకు కొట్టి వేలాడదీశాడు. తెల్లారి పాలు తియ్యడానికి కూర్చుంటే అది కళ్లెదురుగా కనపడాలి. మనిషి మెత్తబడతాడు, మరిచిపోతాడు. తనకు ఆ గతి పట్టకూడదు.

ఇప్పుడు ఆయన దిగులంతా మోటారు గురించి. కాలువ నీళ్లు ఆయన వరికి అందుతాయి. ఒడ్డున ఉన్న చెరుకు చేను మెరక, దానికి వెనక నీళ్లే దిక్కు. ఆ నీళ్లు ఎండాకాలం రోజురోజుకూ లోపలికి తగ్గుతాయి. మోటారు కూడా వాటి వెంట పోవాలి. అందుకని నీలం డ్రమ్ములు కలిపి కట్టి, మీద ఇనప చట్రం వేసి, తెప్పలా తేల్చి దాని మీద మోటారు కూర్చోబెట్టాడు. నల్ల పైపు ఒకటి అక్కణ్ణుంచి గట్టెక్కి చేలోకి వెళ్తుంది. ఒడ్డు దగ్గరంతా నీళ్లు ఇంకినా అక్కడ ఇంకొన్నాళ్లు మిగులుతాయని, నేల వాలు చూసి చూసి ఆ లోతు ఎంచుకున్నాడు.

చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక క్యాంపులో అందరూ చెరుకు పీకేసి వరికి దిగారు. ఈయన పీకలేదు. బెల్లమైనా వండుతానన్నాడు. కృష్ణా జిల్లా నుంచి తన మామ ఈ రేగడికి వచ్చినప్పుడు గానుగ వెంటబెట్టుకుని వచ్చాడు గానీ వరి మడి వెంటబెట్టుకుని రాలేదన్నాడు. ఈ ఏడు వేసిన తోట ఇంకా మోకాలెత్తు దాటలేదు. ఎండలు ముదురుతున్నాయి. ఆ మోటారు వారం ఆగితే తోట కాగితంలా ఎండుతుంది. మళ్లీ నాటే ఓపిక ఒంట్లో లేదు. క్యాంపులో చెరుకన్నది ఇంకెవరికీ లేదు. ఇది పోతే అదే ఆఖరు.

సతీష్‌బాబుకు తండ్రి ఇచ్చిన గట్టు ముక్క సరిగ్గా ఆ మోటారుకు ఎగువన ఉంది. అక్కడ, ఒడ్డుకు కాస్త దూరంగా, పడవను నిలబెట్టాడు. పెళ్లికి ముందే ఫొటోలు దిగే జంటల కోసం తెచ్చాడు దాన్ని. బోధన్ నుంచి, వర్ని నుంచి, మోస్రా నుంచి కార్లు రావడం మొదలైంది. పడవ ఎక్కడికీ వెళ్లదు. ఇంజను రాగానే మొరాయిస్తే విప్పి నిజామాబాదు షెడ్డుకు పంపేశాడు. ఫొటోలో కదులుతున్నట్టు కనపడితే చాలు.

మొదటి జంట వచ్చిన రోజు ఫొటోలవాడు రావుగారి గట్టెక్కి వచ్చాడు.

"సార్, గా నీలం డ్రమ్ములు ఫ్రేములకొస్తున్నయ్. జర పక్కకు జరపరా? గంట సేపే."

"నువ్వు ఏ ఊరు?"

"ఇందూరే సార్. నిజామాబాద్."

"అన్నం తింటావా?"

"తింట సార్" అన్నాడు వాడు నవ్వుతూ.

"అది ఫ్రేములో పడదు. దాన్ని పండించే మోటారు పడుతుంది. నడు."

పడవతో పాటే ఒక లంగరు వచ్చింది. నాగలి కర్రులా కోసుగా ఉన్న ఇనప కొక్కెం. ఒక్క మనిషి చంకలో పెట్టుకుని పోవచ్చు. సతీష్‌బాబు దాన్ని పొట్టి తాడుతో కట్టి నీళ్లలోకి దించాడు. పలుపు పొట్టిగా ఉంటే గొడ్డు దూరం పోదు, పడవైనా అంతేననుకున్నాడు. నాలుగు రోజులు గడవకముందే చిన్న గాలి వీచింది. కొక్కెం నేలలోంచి లేచిపోయింది. పడవ వెనక భాగం వచ్చి నల్ల పైపును ఒత్తింది. పైపు అతుకు ఊడి నీళ్లు ఆకాశానికి చిమ్మాయి. పడవ మీద పెళ్లికూతురు చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం ఇద్దరూ గట్టు మీదికొచ్చారు. లింబయ్య మధ్యలో నిలబడ్డాడు.

"లింబయ్యా, ఆ చేపల గాలం తీసెయ్యమను" అన్నాడు రామకోటేశ్వరరావు నీళ్ల వైపు చూస్తూ. "అంత పడవకు అదా లంగరు? దూడ కూడా ఆగదు దానికి."

"సేటూ, నీ లంగరు సూస్తే దూడలు నవ్వుతున్నయంటుండు" అన్నాడు లింబయ్య.

"గోవావాళ్లను ఫోన్ చేసి అడిగానని చెప్పు" అన్నాడు సతీష్‌బాబు. "బరువుతో పని లేదన్నారు. తాడు పొడుగ్గా వదలాలంట. రేపు పొడుగు తాడు తెస్తాను."

"గోవాలోళ్లు నీకంటె తెలివిగలోళ్లని..."

"వినపడింది" అన్నాడు రామకోటేశ్వరరావు, ఆ మాట అన్నందుకు తన మీద తనే మండిపడుతూ. "తాడు పొడుగైతే ఇంకా బారుగా నా మోటారు మీదికే వస్తాడు. ఆ మాత్రం బుర్ర లేదా అని అడుగు. కదలనిది కావాలి. మన పాక వెనక గానుగ రోలరు ఉంది. అది వేస్తే ఆ పడవే కాదు, దాన్ని తెచ్చినవాడి తాత కూడా కదలడు."

"అది మా నాన్న రోలరు" అన్నాడు సతీష్‌బాబు. ఈసారి లింబయ్య కోసం ఆగలేదు.

"ఎవరి చేతికిచ్చాడో అడుగు. చెరుకు ఆడించేవాడి చేతికిచ్చాడు. పెళ్లిభోజనాలు అమ్మేవాడి చేతికివ్వలేదు."

సతీష్‌బాబు ముఖం ఎర్రబడింది. "కొక్కెమే ఉంచుతానని చెప్పు. నా పడవ, నా ఇష్టం."

"అలాగా. రేపు పొద్దున లేచేసరికి తాడుండదని చెప్పు. కొడవలి నూరించాను."

లింబయ్య ఇద్దరినీ చూసి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఇగ దీన్ల నేను జేర్చేది ఏం లేదు" అన్నాడు.

గెలిచింది రామకోటేశ్వరరావే. అక్క మొగుడితో కొడవళ్ల దాకా పోతే పెళ్లివాళ్లు ఈ దారి తొక్కరని సతీష్‌బాబు తగ్గాడు.

రోలరు పాక వెనక ఏళ్ల తరబడి పడి ఉంది. మూడు రోలర్ల పాత గానుగలో పెద్దది. రెండు పక్కలా ఇరుసు మొనలు పొడుచుకుని ఉంటాయి. పున్నమ్మ ఉన్న రోజుల్లో దాని మీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది. ఎండకు కాలితే గోనెసంచి వేసుకునేది. ఆ సంచి పీలికలు ఇప్పటికీ దానికి అంటుకునే ఉన్నాయి. రామకోటేశ్వరరావు వాటిని గీకేశాడు.

నలుగురు కలిసి ఎత్తబోతే అది లేవలేదు.

"ఎత్తడమెందుకు, దొర్లించండి" అన్నాడాయన.

దొర్లించారు. ఇద్దరు చేతులతో నెడితే బాటంతా కుక్కపిల్లలా వచ్చింది. ఒడ్డు దగ్గర వాలులో చేతుల్లోంచి జారిపోతే లింబయ్య ముందుకు ఉరికి, ముందర రాయి పెట్టి ఆపాల్సొచ్చింది. "అవ్వా, నా కాళ్లు పోతుండె!" అని తిట్టాడు. అందరూ నవ్వారు. రెండు తెప్పలు జోడించి, పలకలు పరిచి, దాని మీదికెక్కించి పడవ దగ్గరికి తీసుకుపోయారు. తాడు రెండు ఇరుసు మొనలకూ ఉచ్చులేసి కట్టించాడు రామకోటేశ్వరరావు. బిగించి కడితే ఇనప అంచుకు తాడు కోసుకుపోతుందని, వదులుగా ఉంచమని ఒడ్డు మీద నుంచే కేకేశాడు.

రోలరు నీళ్లలో పడిన చప్పుడుకు కొంగలు లేచిపోయాయి. పడవ ఒక్కసారి ముక్కు వంచి, సర్దుకుని నిలబడింది. ఆ వారమంతా అంగుళం కదలలేదు. రామకోటేశ్వరరావు రోజూ మోటారు వెయ్యడానికి వచ్చి, పడవను చూసి, కాండ్రించి ఉమ్మి వెళ్లేవాడు. సతీష్‌బాబు కొక్కేన్ని పారెయ్యలేదు. పొడుగు తాడు కూడా తెచ్చాడు. తాడును చుట్టగా చుట్టి పడవ ముందు భాగాన పెట్టి, పైన కొక్కెం నిలబెట్టి, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ వేశాడు. జంటలు దాన్ని పట్టుకుని ఫొటోలు దిగేవాళ్లు.

ఉగాది వెళ్లిన వారానికి ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా ఆగిపోయింది. చెరుకు ఆకు కూడా కదల్లేదు. పడమట, గోదావరికి అవతల మహారాష్ట్ర వైపు, ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. రామకోటేశ్వరరావు గేదెల్ని పాకలోకి తోలి ఒడ్డుకు వచ్చేసరికి మొదటి దుమారం లేచింది. రేగడి దుమ్ము, ఎండుటాకులు, ఎవరి కల్లం మీదిదో టార్పాలిన్ గాలిలో కొట్టుకుపోతున్నాయి. తర్వాత వడగళ్లు. సపోటా గింజలంతటివి టపటపా పడి నేల మీద ఎగిరాయి.

తలమీద గోనెసంచి వేసుకుని స్టార్టరు డబ్బా దగ్గరికి పరిగెత్తి మోటారు ఆపాడు. అప్పుడు చూశాడు పడవను.

పడవ మీద సతీష్‌బాబు ఒక్కడే ఉన్నాడు. మర్నాటి ఫొటోలకు పైనున్న పరదాలు కట్టుకోవడానికి వెళ్లాడు. లింబయ్య పూలు తేవడానికి బోధన్ పోయాడు. గాలి పడవ వీపు మీద చరుస్తోంది. పరదాలు తెరచాపల్లా ఉబ్బాయి. సతీష్‌బాబు వాటిని పీకుతున్నాడు. ఒకటి ఊడింది, రెండోది అతని ముఖానికి చుట్టుకుంది.

పడవ జరుగుతోంది.

ముందు తన కళ్లే మోసం చేస్తున్నాయనుకున్నాడు. వెనకనున్న తుమ్మ మొద్దును గురుతు పెట్టుకుని చూశాడు. మొద్దు పక్కకు పోయింది. పడవ ఆగి ఆగి కాదు, నున్నగా, ఎవరో కింద నుంచి తోస్తున్నట్టు వస్తోంది. సూటిగా మోటారు వైపు. తాడు తెగలేదు. బిగుతుగా, ముందుకు వాలి, నీళ్లలోకి దిగి ఉంది. తాడే పడవను లాక్కొస్తున్నట్టుంది.

అప్పుడు ఆయనకు లింబయ్య తిట్టు గుర్తుకొచ్చింది. నా కాళ్లు పోతుండె. ఒడ్డు వాలులో ముందర రాయి పెట్టి ఆపిన రోలరు. నీళ్ల అడుగునా వాలే. బురద, దాని మీద నున్నటి ఇనప గుండు, రెండు మొనలకూ వదులు ఉచ్చులు. బండికి చక్రం కట్టినట్టు తనే కట్టించాడు. ఆ వాలు ఎక్కడికి పోతుందో ఆయన కంటే తెలిసినవాడు లేడు. నీళ్లు ఎక్కడ మిగులుతాయో చూసి, ఆ లోతులోనే కదా మోటారు పెట్టుకున్నది.

చుట్టూ చూశాడు. లింబయ్య లేడు. గట్టు మీద మనిషన్నవాడు లేడు. ఎవరితో చెప్పమనాలి?

పడవ సగం దూరం వచ్చేసింది. అది తగిలిందంటే డ్రమ్ములు అప్పడాల్లా నలుగుతాయి. మోటారు అడుగుకు పోతుంది. ఎండల్లో కొత్తది తెచ్చి, తేల్చి, పైపు కలిపేలోగా తోట మాడిపోతుంది. నోరు తెరిచాడు. మాట రాలేదు. రెండేళ్లు కాపలా కాసిన నోరు. పళ్లు గట్టిగా కరుచుకుని ఇంకొక్క క్షణం నిలబడ్డాడు. పడవ ముందు భాగాన కొక్కెం కనపడుతోంది, ప్లాస్టిక్ దండతో సహా. నాగలి కర్రులా ఉంది. నాగలి పైకి లాగితే మట్టి పట్టదు. ఏటవాలుగా, దూరం నుంచి లాగితేనే దిగుతుంది. ఈ సంగతి తెలియడానికి గోవా పోనక్కర్లేదు. చిన్నప్పుడే తెలుసు. ఆ రోజు గట్టు మీద మాత్రం తెలియలేదు.

"ఒరేయ్!"

గాలి ఆ మాటను అవతలికి విసిరేసింది. సతీష్‌బాబు పరదాతోనే కొట్టుకుంటున్నాడు.

"ఒరేయ్ సతీషూ!"

వినపడలేదు. రామకోటేశ్వరరావు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. వడగల్లు ఒకటి చెవి మీద తగిలింది. రెండేళ్లు పలకని పేరును, గొంతు చీలిపోయేలా, చేపలమ్మేవాడి కేకలాగా మూడోసారి అరిచాడు.

సతీష్‌బాబు తిరిగి చూశాడు. బావ నోరు తెరిచి తనతోనే మాట్లాడుతుంటే అతను పరదా వదిలేసి బొమ్మలా నిలబడ్డాడు.

"నన్ను చూస్తావేంట్రా వెధవా! ఆ కొక్కెం వెయ్యి! వెనక్కి విసురు!"

"నువ్వే కదా బావా వద్దన్నావ్!"

"వెయ్యరా ముందు! తాడంతా వదులు! ఆపకు, వదులు, ఇంకా వదులు!"

సతీష్‌బాబు కొక్కేన్ని గాలికి ఎదురుగా విసిరాడు. పూలదండ కూడా దానితోపాటే మునిగింది. తాడు చుట్టలు చుట్టలుగా జారిపోయింది. జారడం అయ్యాక, బిగిసింది. పడవ ముక్కు గాలి వైపు తిరిగింది. కొక్కెం పట్టింది. అయినా పడవ మూలుగుతూ ఇటే లాగుతోంది. అవతల తాడుకున్న రోలరు ఇంకా లోతుకు దొర్లుతూ దాన్ని గుంజుతోంది.

"రోలరు తాడు కోసెయ్!"

"ఏంటీ?"

"నా రోలరు తాడురా! కొయ్యి!"

సతీష్‌బాబు పరదాలు కోసే కత్తి తీసుకుని తాడును నరికాడు. అది పాములా నీళ్లలోకి పోయింది. పడవ వెనక్కి ఒక ఊపు ఊగి నిలబడింది. దాని వెనక భాగానికీ నీలం డ్రమ్ములకూ మధ్య ఒక గేదె పడుకునేంత జాగా మిగిలింది.

గాలివాన తగ్గాక సతీష్‌బాబు నడుముల్లోతు నీళ్లలో నడిచి ఒడ్డుకు వచ్చాడు. వణుకుతున్నాడు. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. ఎటు పోవాలో తెలియక, దగ్గరలో ఉన్న కప్పు అదే కాబట్టి, బావ గొడ్ల పాకలోకి దూరి ఓ మూల చతికిలబడ్డాడు. రామకోటేశ్వరరావు అప్పటికే అక్కడ గేదె వీపు మీద వడగళ్ల దెబ్బలు తడిమి చూస్తున్నాడు. బయటికి పొమ్మనలేదు. కూర్చోమనలేదు.

సతీష్‌బాబు కళ్లు గుంజ మీద పడ్డాయి.

"ఈ క్యారేజీ మా హాలుదే కదా. దీన్నింకా ఉంచావా బావా?"

రామకోటేశ్వరరావు గేదె మెడ నిమిరాడు. "ఆయన్ని లేచి ఇంటికెళ్లమని చెప్పవే" అన్నాడు దాని చెవిలో.

సతీష్‌బాబు తనూ గేదె వైపే తిరిగాడు.

"అక్క ఆ రోజు పొద్దున నాకు ఫోన్ చేసిందని చెప్పవే. పెళ్లి మధ్యలో వదిలేసి రావద్దు, ముహూర్తం అయ్యాకే రమ్మంది. మీ బావ ఏమీ తినలేదు, ఏదన్నా పంపు అని కూడా అంది. ఆ మాట చెబుదామంటే నోరెత్తనిచ్చిందెప్పుడని అడగవే."

గేదె నెమరు ఆపి తోక కొట్టింది. రామకోటేశ్వరరావు చెయ్యి దాని మెడ మీద ఆగింది. ఆ రోజు పొద్దున పున్నమ్మ ఎవరితోనో ఫోన్లో మాట్లాడిన మాట నిజమే. ఎవరితో అని ఆయన అడగలేదు. తలుపు వైపు చూస్తూ పడుకున్న మాటా నిజమే. ఆ చూపు ఆయన చూశాడు, వీడు చూడలేదు.

"చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా ఏదైనా అనొచ్చని చెప్పవే. రావద్దందని రాకుండా ఉండేవాడు తమ్ముడా అని అడగవే. పడవ తెల్లారేసరికి నా మోటారు దరిదాపుల్లో కనపడకూడదని కూడా చెప్పు."

సతీష్‌బాబు లేచాడు. మేకుకున్న క్యారేజీ అందుకోబోయాడు.

"దాని మీద చెయ్యెయ్యొద్దని చెప్పవే."

చెయ్యి వెనక్కి పోయింది. సతీష్‌బాబు వానలోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే లింబయ్య బోధన్ నుంచి బంతిపూల బుట్టతో దిగి, జరిగింది విని తలబాదుకున్నాడు. "నేనొక్కపూట లేకుంటే మీరిద్దరు మాట్లాడుకున్నరా? గిదేం అన్యాయం!"

మర్నాడు పడవను ఎగువకు, చాలా దూరానికి జరిపారు. ఈసారి కొక్కెమే వేశారు, పొడుగు తాడుతో. మోటారు ఆడింది. చెరుకు నడుమెత్తుకు వచ్చింది.

ఎండలు ముదిరి, మృగశిర ఇంకా రాకముందే, వెనక నీళ్లు అడుగంటాయి. నేల బయటపడింది. ఏటా అలా బయటపడిన శిఖం భూమిలో ఎవరి గట్టు ముందర వాళ్లు జొన్నో దోసో వేసుకోవడం అక్కడ రివాజు. రామకోటేశ్వరరావు పొద్దున్నే తన మోటారును ఇంకా కిందికి జరపడానికి వెళ్లి ఆగిపోయాడు.

ఎండి పెచ్చులు లేస్తున్న బురదలో ఒక చాలు ఉంది. రోలరంత వెడల్పున, నున్నగా, రెండంచులా ఇరుసు మొనలు గీసిన సన్న గీతలతో. సతీష్‌బాబు గట్టు ముందర మొదలై, ఎక్కడా వంకర లేకుండా, ఆ రోజు మోటారున్న చోటికి సూటిగా వచ్చింది. దాటి ఇంకా కిందికి పోయింది. చివర్న రోలరు తుప్పుపట్టి, సగం కూరుకుని ఉంది. దానికి తెగిన తాడు ముక్క.

గట్టు మీద నిలబడ్డ ఎవడైనా దాన్ని చదివెయ్యగలడు. అక్షరం ముక్క రానివాడు కూడా.

ఆయన పాకకు వెళ్లి పార తెచ్చాడు. కింది నుంచి మొదలుపెట్టాడు. పెళ్లలు పగలగొట్టి, చాలులోకి లాగి, కాలితో తొక్కి సమం చేస్తూ పైకి వచ్చాడు. ఎండ నెత్తికెక్కింది. చొక్కా వీపుకు అంటుకుంది.

లింబయ్య వల భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నరు రావుసాబ్?"

"చదును చేస్తున్నా. జొన్న వేస్తా."

"గింత సన్నగనా? ఒక్క సాలేనా?"

"నీకెందుకు?"

"నాకెందుకు గని... రోలరును ట్రాక్టరుతోని గుంజితె అయిపోవు గద."

"ముందు ఇది కానీ."

లింబయ్య ఎగువకు చూశాడు. దూరాన, మిగిలిన నీళ్లలో, తెల్లటి పడవ పొడుగు తాడుకు కట్టుబడి నింపాదిగా నిలబడి ఉంది. పై అంతస్తులో కుర్చీ వేసుకుని సతీష్‌బాబు కూర్చున్నాడు. ఎప్పటి నుంచి కూర్చున్నాడో. టీ తాగుతున్నాడు.

రామకోటేశ్వరరావు చూడలేదు. చూడకపోయినా తెలుసు. పార వేగం పెంచాడు. గట్టు దాకా వచ్చి, పాదాలతో చివరి పెళ్ల తొక్కి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది కేక. గాలి లేదు కాబట్టి ప్రతి అక్షరం విడివిడిగా వినపడింది.

"బావా! మోటారు దగ్గర కొంచెం మిగిలిపోయింది! కుడిపక్క!"

లింబయ్య పంచె కొంగు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

రామకోటేశ్వరరావు మోటారు వైపు తిరిగి చూశాడు. కుడిపక్క, డ్రమ్ముల నీడ పడేచోట, రెండు జానల చాలు మిగిలే ఉంది. పార భుజాన వేసుకుని అటు నడిచాడు.

"లింబయ్యా."

"చెప్పుర్రి రావుసాబ్."

"వినపడలేదని చెప్పు."